ఇంట్లో కడుతున్న కారుకి బ్రేక్ పైపులు, పెట్రోల్ పైపులు: ఏ గొట్టం వాడాలి, ఎటు తీసుకెళ్ళాలి?

గోపాలపట్నం_షెడ్డు

అందరికీ నమస్కారం. విశాఖ గోపాలపట్నంలో మా పెదనాన్నగారి పాత షెడ్డులో రెండు సీట్ల చిన్న కారు ఒకటి కడుతున్నాను. చదరపు గొట్టాల ఛాసిస్, ముందు కార్బురేటర్ మారుతి ఓమ్నీ ఇంజను, దాని గేరుబాక్సు, వెనక ఓమ్నీ యాక్సిల్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. సర్వో (కాలి బలాన్ని పెంచే బ్రేకు సాయం) లేదు. వెల్డింగ్ అయిపోయింది, ఇంజను కూర్చుంది, స్టీరింగ్ తిరుగుతోంది. మిగిలింది పైపుల పని.

ఏసీ పని చేసే మా బావమరిది దగ్గర సన్న రాగి గొట్టం చుట్ట మిగిలి ఉంది. బయటి కొలత బ్రేక్ పైపుదే, 4.75 మి.మీ. చేత్తో వంచితే వంగుతుంది, తుప్పు పట్టదు. బ్రేకులకి అదే వేసేద్దామా? పెట్రోలుకి కూడా రాగే వేస్తే ఒకే పనిలో అయిపోతుందని ఆశ. పైపులు మధ్యలో షాఫ్టు పోయే సొరంగంలోంచి తీసుకెళ్ళాలా, పక్క గొట్టం వెంబడి తీసుకెళ్ళాలా అన్నది కూడా తేలడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

ఆటోనగర్_బ్రేక్స్

తమ్ముడూ, ఆ రాగి చుట్ట బావమరిదికి తిరిగి ఇచ్చెయ్. బ్రేకుకీ వద్దు, పెట్రోలుకీ వద్దు. గాజువాక ఆటోనగర్‌లో బ్రేకుల పని చేసేవాణ్ణి, విరిగిన రాగి పైపులు చేత్తో పట్టుకుని చూశాను. ఎప్పుడూ నట్టు వెనకాలే, ఫ్లేర్ (విరిసిన గొట్టం కొస) మొదలయ్యే చోట, గుండ్రంగా కోసినట్టు విరుగుతుంది. ముందు కారడం లాంటి సూచన కూడా ఉండదు. వివరంగా రాత్రి రాస్తాను, ఇప్పుడు షాపులో బండి ఉంది.

మర్రిపాలెం_జీపు

నేను ఒప్పుకోను. మా పాత జీపుకి రాగి పైపులే ఉన్నాయి, ఏళ్ళ తరబడి తిరుగుతోంది. స్టీలు పైపు వేస్తే ఈ ఉప్పుగాలికి ఎంత కాలం ఉంటుంది? సముద్రం దగ్గర ఇళ్ళ కిటికీ చువ్వలే నిలవడం లేదు. ప్రెషర్ తట్టుకోదు అంటారు కానీ ఏసీలో గ్యాస్ ప్రెషర్ తక్కువా?

ఉక్కునగరం_లాబ్

జీపు గారూ, తుప్పు గురించి మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. ప్రెషర్ విషయంలో మాత్రం లెక్క చూద్దాం. సర్వో లేని బండిలో పెడల్ మీద 30 కిలోల బలం పెట్టారనుకోండి. పెడల్ నిష్పత్తి 5 అయితే, అంటే పెడల్ కాలి బలాన్ని అయిదింతలు చేస్తే, మాస్టర్ సిలిండర్ (ఆయిల్‌ని పైపుల్లోకి తోసేది) పిస్టన్ మీద 150 కిలోలు పడుతుంది. ముప్పావు అంగుళం బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) వైశాల్యం సుమారు 2.85 చదరపు సెంటీమీటర్లు. భాగిస్తే దాదాపు 52 బార్. అది మామూలుగా ఆపడం. గేదె అడ్డొస్తే కాలు పెట్టే బలం దానికి రెట్టింపు, అంటే 100 బార్ దాటుతుంది.

నిజానికి ఆ ప్రెషర్‌కి మంచి రాగి గొట్టం వెంటనే పగలదు. అసలు చిక్కు అక్కడ లేదు. మెత్తబరిచిన రాగిని వంచినా, కదిలించినా, ఇంజను అదురుకి ఊగినా లోపల గట్టిపడుతూ పోతుంది. గట్టిపడ్డ రాగి పెళుసవుతుంది. అలా అదురుతూ ఉంటే పైకి కనపడని పగులు మొదలై మెల్లగా చుట్టూ పాకుతుంది. ఏసీ గొట్టం గోడకి బిగించి ఉంటుంది, చక్రం పక్కన గతుకుల మీద ఎగరదు. మీ జీపుకి ఇన్నాళ్ళు ఏమీ కాలేదంటే పగులు లేదని కాదు, ఉందో లేదో మనకి తెలియదని. వీలైతే ప్రతి నట్టు వెనకా భూతద్దం పెట్టి చూడండి. నా మాట వింటే పైపులే మార్చండి.

పెట్రోలుకి రాగి వద్దనడానికి కారణం వేరు. రాగి తగిలితే పెట్రోలు త్వరగా ఆక్సీకరణ చెంది జిగురు కడుతుంది. ఆ జిగురు పోయి చేరేది కార్బురేటర్ జెట్లలో.

పైపుఫిట్టర్_సింధియా

బాబూ గోపాలపట్నం, నేను హిందుస్థాన్ షిప్‌యార్డులో పైపు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. 1948 నాటి జల ఉష ఓడ మీద పని చేసిన పెద్దలు ఇంకా యార్డులో ఉన్న రోజుల్లో చేరినవాణ్ణి. ఓడల్లో సముద్రపు నీళ్ళు పోయే పైపులకి మేము వాడేది రాగి కాదు, 90/10 క్యుప్రో నికెల్. 90 పాళ్ళు రాగి, 10 పాళ్ళు నికెల్, అందులో కొంచెం ఇనుము, మాంగనీసు. ఉప్పునీళ్ళు తగిలితే పైన ఒక పలచని పొర కట్టుకుని దానంతట అదే కాపాడుకుంటుంది. అదే లోహంతో బ్రేక్ పైపులు కూడా వస్తాయి. వోల్వో వాళ్ళు 1970ల నుంచే కార్లకి వేస్తున్నారు. రంగు కొద్దిగా గులాబీ ఛాయలో వెండిలా ఉంటుంది, రాగిలా ఎర్రగా ఉండదు. మెత్తగా వంగుతుంది, ఫ్లేర్ బాగా కూర్చుంటుంది, రాగి కన్నా చాలా బలం. మన ఊరికి అదే సరైన గొట్టం.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకో. క్యుప్రో నికెల్ పేరు చెప్పి ఉత్త రాగి అమ్మేవాళ్ళున్నారు. చివర ముక్క కోసి, కోసిన అంచు రంగు చూడు. గోడ మందం 0.7 మి.మీ. ఉండాలి.

మర్రిపాలెం_జీపు

మేడం, మాస్టారూ, చెప్పింది అర్థమైంది. ఆదివారం జీపు కింద పడుకుని చూస్తాను. కానీ కంపెనీ స్టీలు పైపులు ఎందుకు వద్దు? కొత్త కార్లన్నీ స్టీలే కదా.

ఆటోనగర్_బ్రేక్స్

స్టీలు వద్దని ఎవరూ అనలేదు సార్. కంపెనీ పైపు మామూలు స్టీలు గొట్టం కాదు, రేకుని రెండు చుట్లు చుట్టి రాగితో అతికించిన బండీ ట్యూబు. పైన జింకు, దాని మీద ప్లాస్టిక్ పూత. చాలా గట్టిది. అయితే మనం కోసి, వంచి, ఫ్లేర్ కొడితే పూత లేస్తుంది. పూత లేచిన చోటే మన గాలి పని మొదలుపెడుతుంది. పైగా క్లిప్పు కింద తడి నిలుస్తుంది. తుప్పు పట్టి కారిన పైపులు ఎక్కువగా క్లిప్పు కిందే కారతాయి, పైనుంచి చూస్తే శుభ్రంగా కనపడతాయి. చేత్తో కట్టే బండికి క్యుప్రో నికెల్ మేలనడం అందుకే.

ఇక అసలు మాట, ఫ్లేర్. ఓమ్నీ మాస్టర్ సిలిండర్, ఓమ్నీ వీల్ సిలిండర్లు (చక్రం దగ్గర బ్రేకుని నొక్కేవి) అన్నావు. వాటిలో మర ఎం10×1, అంటే 10 మి.మీ. వ్యాసం, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1 మి.మీ. జపాన్ పద్ధతి కాబట్టి డబుల్ ఫ్లేర్, అంటే గొట్టం అంచు బయటికి విరిసి మళ్ళీ లోపలికి మడతపడేది. యూరప్ కార్లలో కూడా మర ఎం10×1 నే, కానీ అక్కడ బబుల్ ఫ్లేర్, పుట్టగొడుగు తలలా ఉంటుంది. మర ఒకటే కాబట్టి ఒకదాని నట్టు ఇంకోదానిలో హాయిగా ఎక్కుతుంది. బిగుస్తుంది కూడా. కానీ అడుగున కూర్చోదు. ఎంత బిగించినా చెమర్చుతూనే ఉంటుంది, ఇంకా బిగిస్తే సీటు (ఫ్లేర్ ఆనే అడుగు) పాడవుతుంది. వేరే కారు కాలిపర్ (డిస్కుని పట్టి నొక్కేది) గానీ, బయట కొన్న టీ జాయింటు (మూడు దారుల అతుకు) గానీ వాడితే టార్చి వేసి రంధ్రం అడుగున చూడు. చిన్న శంకువు పైకి పొడుచుకుని ఉంటే డబుల్ ఫ్లేర్. లోపలికి దిగి గుంటలా ఉంటే బబుల్. ప్రతి రంధ్రమూ చూడాలి, ఒకటి చూసి అన్నీ అంతే అనుకోకూడదు.

ఫ్లేర్ కొట్టే ముందు గొట్టం రంపంతో కోయకు, ట్యూబ్ కట్టర్‌తో కొయ్యి. రంపం పొడి లోపల పడితే మాస్టర్ సిలిండర్ రబ్బర్లు గీసుకుపోతాయి. లోపలి అంచు గరుకు తీసెయ్, అంచు చదరంగా ఉందో లేదో చూడు, నట్టు ముందే ఎక్కించు. నట్టు మర్చిపోయి రెండు చివర్లూ ఫ్లేర్ కొడితే ఆ పైపు తుక్కు కిందే లెక్క. అచ్చుకి బ్రేక్ ఆయిల్ ఒక చుక్క రాస్తే లోహం చిరగకుండా జారుతుంది. మొదటి దెబ్బకి తల ఉబ్బుతుంది, రెండో దెబ్బకి లోపలికి మడతపడుతుంది. మధ్యకి రాకపోయినా, అంచున సన్న చీలిక కనపడినా కోసేసి మళ్ళీ కొట్టాలి. ముందు తుక్కు ముక్కల మీద చెయ్యి కుదిరాకే అసలు పైపు ముట్టుకో.

నట్టు ఓపెన్ స్పానర్‌తో బిగించొద్దు, మూలలు పోతాయి. ఫ్లేర్ నట్ స్పానర్ దొరుకుతుంది, 10 నంబరు. బిగువు 15 న్యూటన్ మీటర్ల దగ్గర చాలు. టెఫ్లాన్ టేపు ఎవరైనా చుట్టమంటే చుట్టకు. ఇక్కడ ఆయిల్ కారకుండా ఆపేది మర కాదు, ఫ్లేర్. టేపు తునక లోపలికి పోతే సన్న రంధ్రాలు మూసుకుపోతాయి.

భీమిలి_అంబాసిడర్

మరల విషయంలో ఒకటి కలుపుతాను. నా దగ్గర పాత అంబాసిడర్ ఉంది. దానిలో అంగుళాల మర, 3/8 యూఎన్‌ఎఫ్, అంగుళానికి 24 చుట్లు. వ్యాసం 9.5 మి.మీ. ఎం10 కన్నా అర మిల్లీమీటరు తక్కువ, చుట్ల మధ్య దూరం దాదాపు సమానం. అందుకే 3/8 నట్టు ఎం10 రంధ్రంలో ఎక్కుతుంది, కాస్త లూజుగా తిరుగుతుంది, చివర్లో పట్టుకున్నట్టే అనిపిస్తుంది. పట్టుకునేది మర అంచులతో మాత్రమే. గట్టిగా పెడల్ తొక్కిన రోజున ఆ అంచులు ఊడి నట్టు బయటికొస్తుంది. పూర్ణామార్కెట్ వైపు పాత సామాన్లలో నట్టులు ఏరుకుంటే వ్యాసం కొలిచే వెర్నియర్ కాలిపర్, చుట్ల దూరం చూసే పిచ్ గేజి చేతిలో పెట్టుకుని వెళ్ళండి.

గోపాలపట్నం_షెడ్డు

రంధ్రం అడుగున శంకువు ఉంటుందన్న సంగతే నాకు తెలియదు. ఇప్పుడే టార్చి వేసి చూశాను. మాస్టర్ సిలిండర్‌లో శంకువు ఉంది. ఆన్‌లైన్‌లో కొన్న ఇత్తడి టీ జాయింటులో గుంట ఉంది! అది పక్కన పెట్టేశాను. క్యుప్రో నికెల్ చుట్టకి ఆర్డర్ పెడుతున్నాను. దారి గురించి కూడా ఎవరైనా చెప్పండి.

కాలేజీ_ఫార్ములా

అన్నా, మేము ఫార్ములా స్టూడెంట్ (విద్యార్థులు కట్టే రేసు కార్ల పోటీ) కారు కడుతున్నాం, కోయంబత్తూరు కారి స్పీడ్‌వేలో పోటీ. మా సీనియర్లు మొత్తం స్టీలు అల్లిక హోసే (తీగ అల్లిన వంగే గొట్టం) వేశారు, మాస్టర్ సిలిండర్ నుంచి కాలిపర్ దాకా. ఫ్లేర్ గొడవే లేదు. మీరూ అలా వేయకూడదా? రూల్ ప్రకారం పైన కవచం లేని ప్లాస్టిక్ బ్రేక్ లైను నిషేధం, అల్లిక ఉంటే పర్వాలేదు.

ఆటోనగర్_బ్రేక్స్

పోటీ కారు వేరు బాబూ. అది పోటీ అయ్యాక విప్పేస్తారు, ప్రతి రేసుకీ ముందు ఒకరు చూస్తారు. అల్లిక హోసు లోపల పీటీఎఫ్‌ఈ (ఒక రకం ప్లాస్టిక్) గొట్టం, పైన స్టీలు తీగ. ఆ తీగ ఆకురాయిలాంటిది, దేనికి తగిలినా తినేస్తుంది. ఛాసిస్ గొట్టానికి రాసుకుంటే గొట్టాన్ని, వైరుకి తగిలితే వైరుని కోస్తుంది. తీగ లోపల పీటీఎఫ్‌ఈ చెడితే బయటి నుంచి కనపడదు. ఇంటి బండికి ఛాసిస్ వెంబడి గట్టి పైపు, చక్రం కదిలే చోట మాత్రమే హోసు. అతుకులు తగ్గుతాయి, పెడల్ గట్టిగా ఉంటుంది, ఖర్చూ తక్కువ.

పైపుఫిట్టర్_సింధియా

దారి గురించి. మొదలుపెడుతూనే పైపు పట్టుకోకు. వెల్డింగ్ రాడ్డు పూత రాలగొట్టి, ఆ తీగని ఛాసిస్ మీద వంచి నమూనా చేసుకో. నమూనా నచ్చాక దాని ప్రకారం గొట్టం వంచు. వంపు వ్యాసార్థం గొట్టం లావుకి మూడింతల కన్నా తగ్గకూడదు. ఒకే చోట వంచి, సరిచేసి, మళ్ళీ వంచి అలా వేధించకు. ప్రతి అతుకు దగ్గరా స్పానర్ తిరిగే చోటు వదులు. ఓడలో మాకు మొదట నేర్పేది అదే, రేపు విప్పేవాడి చెయ్యి పట్టాలి.

ఏ పైపూ గాల్లో వేలాడకూడదు. అడుగుకి ఒక క్లిప్పు పెట్టు, రబ్బరు లోపల ఉన్న పి క్లిప్పు అయితే మంచిది. రేకులోంచి దాటే ప్రతి చోటా గ్రోమెట్ (రంధ్రం అంచుకి పెట్టే రబ్బరు రింగు) ఉండాలి. హోసుకీ పైపుకీ అతుకు పడే చోట ఛాసిస్‌కి వెల్డు చేసిన బ్రాకెట్, దానికి తాళపు క్లిప్పు. లేకపోతే హోసు ఊగిన ప్రతిసారీ ఆ ఊపు ఫ్లేర్ మీదికే పోతుంది.

ఆటోనగర్_బ్రేక్స్

వెనక్కి వెళ్ళే బ్రేక్ లైను ఒకటే ఉండాలి. ఛాసిస్ నుంచి యాక్సిల్‌కి ఒక హోసు, యాక్సిల్ మీద టీ, అక్కడి నుంచి రెండు చక్రాలకీ గట్టి పైపులు. ముందు రెండు చక్రాలకీ చెరొక హోసు. హోసు పొడవు బండి నేల మీద ఉన్నప్పుడు కొలవకు. జాకీ వేసి చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడనిచ్చి, స్టీరింగ్ ఆ చివరికి తిప్పి కొలువు. మళ్ళీ పైకి లేపి, ఈ చివరికి తిప్పి చూడు. ఎక్కడా లాగకూడదు, మెలిపడకూడదు, టైరుకి తగలకూడదు. స్ప్రింగు తీసేసి చూస్తే సులువు.

ఉక్కునగరం_లాబ్

సొరంగమా, పక్క గొట్టమా అన్న ప్రశ్న ఇంకా మిగిలింది. నా లెక్క ఇది. ఇంత తేలిక బండిలో పక్కనుంచి ఏదైనా గుద్దితే మొదట నలిగేది పక్క గొట్టమే. దాని వెంబడి పెట్రోలు పైపు పెట్టడం నాకు ఇష్టం లేదు. సొరంగంలో ప్రమాదం వేరు. షాఫ్టు జాయింటు తెగితే ఊడిన కొస కొరడాలా తిరిగి చుట్టూ ఉన్నదంతా కొట్టేస్తుంది. నేనైతే సొరంగంలోనే, పై మూలలో, ఛాసిస్ గొట్టం అడ్డుగా ఉండే చోట పెడతాను. షాఫ్టు ముందు చివర చుట్టూ మందపాటి స్టీలు కడియం వెల్డు చేయిస్తాను. అది ఉంటే తెగిన కొస ఎగరదు. ఆ కడియం డ్రైవరు కాళ్ళకి కూడా రక్షణ.

బ్రేకు పైపు ఒక పక్క, పెట్రోలు పైపు ఇంకో పక్క. వైర్లు పెట్రోలు పైపుతో కలిపి కట్టొద్దు. ఒకే పక్క పోక తప్పకపోతే వైర్లు పైన, పెట్రోలు కింద.

మర్రిపాలెం_జీపు

పక్క గొట్టం వెంబడి అయితే కనపడుతూ ఉంటుంది, కారితే తెలుస్తుంది. సొరంగంలో ఏం జరుగుతోందో ఎవరు చూస్తారు? ఈ విషయంలో మాత్రం నా మాట మార్చుకోను.

ఉక్కునగరం_లాబ్

మీ మాటలో న్యాయం ఉంది. అందుకే సొరంగం పై రేకు రివెట్లతో కాకుండా బోల్టులతో పెట్టుకోవాలి, విప్పి చూసుకునేలా. సొరంగంలో అతుకు ఒక్కటి కూడా ఉండకూడదు, ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే ముక్క పోవాలి.

అరకు_ఘాట్_టాక్సీ

పెట్రోలు సంగతి నేను చెబుతాను. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు వేసవిలో పాత కార్బురేటర్ బళ్ళు దమ్ము లేక ఆగిపోయేవి. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చునేవాళ్ళం. సైలెన్సర్ వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోతే పంపు ఆవిరిని లాగలేదు. తమ్ముడి బండిలో టాంకు వెనక, ఇంజను ముందు కదా. ఇంజను మీద ఉన్న పంపు అంత దూరం నుంచి పీల్చాలి. పీల్చే పైపులో ప్రెషర్ తగ్గుతుంది, ప్రెషర్ తగ్గితే ఆవిరవడం ఇంకా సులువు.

ఆటోనగర్_బ్రేక్స్

అందుకే ఎలక్ట్రిక్ పంపు టాంకు పక్కనే, టాంకు అడుగు మట్టానికి దగ్గరగా పెట్టాలి. పంపు తోయడంలో గట్టిది, పీల్చడంలో కాదు. కానీ కార్బురేటర్ పంపే కొను, 0.2, 0.3 బార్ ఇచ్చేది. తుక్కులో దొరికింది కదా అని ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేని ఇంజెక్షన్ ఇంజను) పంపు వేస్తే అది 3 బార్ తోస్తుంది. కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకుండా ఆపే ఫ్లోట్ సూది దాన్ని ఆపలేదు, పెట్రోలు వేడి ఇంజను మీద పొంగుతుంది.

ఇంకొకటి తప్పనిసరి. బండి గుద్దుకుని ఇంజను ఆగిపోయినా కీ ఆన్‌లో ఉంటే పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. ఇంజను తిరుగుతుంటేనే పంపుకి కరెంటు ఇచ్చే రిలే వేయించు. గుద్దుకుంటే తెగిపోయే ఇనర్షియా స్విచ్ కూడా పెట్టు.

పెట్రోలు పైపు 8 మి.మీ., టాంకుకి తిరిగి వచ్చేది 6 మి.మీ. చాలు. రిటర్న్ లైను మూసేయకు, పెట్రోలు తిరుగుతూ ఉంటే చల్లగా ఉంటుంది.

ఉక్కునగరం_లాబ్

రబ్బరు హోసు గురించి గట్టిగా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. పాత నైట్రైల్ రబ్బరు హోసులు దానికి ఉబ్బి, తర్వాత ఎండి పగులుతాయి. లోపలి పొర ఎఫ్‌కేఎం, అంటే విటాన్ రకం రబ్బరు, ఉన్న హోసు కావాలి. హోసు మీద ఎస్‌ఏఈ 30ఆర్9 అనే ప్రమాణం అచ్చు ఉంటే సరే. 30ఆర్7 కార్బురేటర్ ప్రెషర్‌కి సరిపోతుంది కానీ ఈ20కి నేను వాడను. టాంకు లోపల మునిగి ఉండే ముక్క అయితే 30ఆర్10 వేరే ఉంది, బయటి హోసుని లోపల ముంచకూడదు. బైకులకి వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం దయచేసి వేయొద్దు. ఇంజను వేడికి రాయిలా గట్టిపడి కొస నుంచి జారిపోతుంది.

ఇథనాల్ గాల్లో తేమని కూడా లాక్కుంటుంది. జింకు పూత పూసిన టాంకు, గాల్వనైజ్డ్ గొట్టం దానికి సరిపడవు.

కాలేజీ_ఫార్ములా

మా రూల్ బుక్కులో క్లాంపుల గురించి కూడా ఉంది. మర పట్టీ క్లాంపులు పెట్రోలు లైను మీద ఒప్పుకోరు. చుట్టూ 360 డిగ్రీలూ పట్టాలి, నట్టు బోల్టుతో బిగియాలి, అంచులు మడతపెట్టి ఉండాలి. మొదట ఎందుకింత పట్టింపు అనుకున్నాం. మర పట్టీ గాడులు సన్న హోసుని ఎలా కోస్తాయో చూశాక అర్థమైంది.

పైపుఫిట్టర్_సింధియా

క్లాంపు ఎంత మంచిదైనా నున్నటి గొట్టం మీద హోసు జారుతుంది. గట్టి పైపు కొసన చిన్న ఉబ్బు ఉండాలి. ఫ్లేరింగ్ సెట్టులో మొదటి దెబ్బ మాత్రమే కొట్టి ఆపేస్తే ఆ ఉబ్బు వస్తుంది. హోసు దాని మీదుగా ఎక్కించి, ఉబ్బు వెనకాల క్లాంపు బిగించు.

గోపాలపట్నం_షెడ్డు

ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటున్నాను. బ్రేక్ ఆయిల్ ఏది పోయాలి? వెనక డ్రమ్ములకి ప్రెషర్ తగ్గించే వాల్వు అవసరమా? మాస్టర్ సిలిండర్ పెడల్ కింద, నేలకి దగ్గరగా పెట్టాను, అది కూడా చెప్పాలి.

ఆటోనగర్_బ్రేక్స్

చెప్పావు, మంచిదైంది. మాస్టర్ సిలిండర్ కాలిపర్ల కన్నా కిందుంటే ఆయిల్ వెనక్కి జారుతుంది. అలా జారకుండా లైనులో కొద్ది ప్రెషర్ నిలిపే చిన్న వాల్వు పెట్టాలి. డిస్కుల లైనుకి 2 పీఎస్ఐది, డ్రమ్ముల లైనుకి 10 పీఎస్ఐది. తారుమారైతే డిస్కులు పట్టుకుని కాలిపోతాయి. ఆయిల్ డబ్బా మాత్రం ఎత్తులో పెట్టాలి.

ప్రెషర్ తగ్గించే వాల్వు అవసరమే. ఓమ్నీ బరువు పంపకం వేరు, నీ బండిది వేరు. బ్రేకు వేస్తే బరువు ముందుకి పోతుంది, వెనక తేలికవుతుంది. వెనక చక్రాలు ముందు పట్టుకుంటే బండి గిర్రున తిరుగుతుంది. తిప్పి సరిచేసే వాల్వు వెనక లైనులోనే పెట్టు, ముందు లైనులో ఎప్పుడూ పెట్టకు. ముందు చక్రాలు తడి నేల మీద ఒక్క క్షణం ముందు పట్టుకునేలా సరిచెయ్యి.

అరకు_ఘాట్_టాక్సీ

ఆయిల్ డాట్ 4. కొత్తది 230 డిగ్రీల దాకా మరగదు. కానీ గాల్లో తేమ పీలుస్తుంది. 3.7 శాతం నీళ్ళు చేరితే 155 డిగ్రీలకే మరుగుతుంది. గాలికొండ నుంచి దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టుకుని వస్తే ఆ వేడి వస్తుంది. మరిగితే ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేలకి తగులుతుంది. మన ఊళ్ళో వర్షాకాలం గాలి నీళ్ళు మోస్తుంది. సగం వాడిన డబ్బా అటక మీద పెట్టి వచ్చే ఏడాది పోయొద్దు. రెండేళ్ళకోసారి మొత్తం మార్చాలి.

ఉక్కునగరం_లాబ్

పైపులు లోపల కడగడానికి పెట్రోలు, డీజిలు వాడొద్దు. బ్రేకు రబ్బర్లు ఈపీడీఎం రకం, పెట్రోలియం తగిలితే ఉబ్బిపోతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పొడిగాలి ఊదండి. డాట్ 4 ఛాసిస్ రంగు మీద పడితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్ళు పోసి కడగండి.

భీమిలి_అంబాసిడర్

బండి రిజిస్ట్రేషన్ సంగతి ఆలోచించారా?

గోపాలపట్నం_షెడ్డు

రోడ్డు మీదికి తేనండి. మన దేశంలో ఇంట్లో కట్టిన కారుకి విడిగా అనుమతి దారి లేదు. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 126వ నియమం ప్రకారం ఏఆర్‌ఏఐ లాంటి వాహన పరీక్ష సంస్థ దగ్గర నమూనాకి ఆమోదం కావాలి, అది కంపెనీల పని. బంధువుల స్థలం ఉంది, చుట్టూ గోడ ఉంది, అక్కడే నడుపుతాను.

ఆటోనగర్_బ్రేక్స్

గోడ ఉన్న చోటే బ్రేకు బాగా ఉండాలి తమ్ముడూ.

గాలి తీసేటప్పుడు రెండు విషయాలు. కాలిపర్‌కి గాలి వదిలే నిపుల్ పైవైపు ఉండాలి. ఎడమ కాలిపర్ కుడికి, కుడిది ఎడమకి పెడితే నిపుల్ కిందికి వస్తుంది. బిగుస్తుంది, బాగానే కనపడుతుంది, రాత్రంతా పెడల్ కొట్టినా గాలి పోదు. సొంతంగా కట్టే బళ్ళలో ఇది చాలా చూశాను. రెండోది, పైపు మధ్యలో ఎత్తుగా దూకి మళ్ళీ దిగితే ఆ మూపు మీద గాలి కూర్చుంటుంది. సొరంగం పై మూలకి ఎక్కించేటప్పుడు నెమ్మదిగా ఎక్కేలా వంచు.

గాలి పోయాక పెడల్ మీద బరువు పెట్టి అయిదు నిమిషాలు ఆపు. పెడల్ దిగకూడదు. ప్రతి అతుకు పొడి టిష్యూతో తుడువు, తడి మచ్చ కనపడకూడదు. పెట్రోలు లైనుకి మొదట పెట్రోలు పోయకు. కొద్ది గాలి పెట్టి సబ్బు నీళ్ళు రాసి చూడు. ఆ తర్వాతే పెట్రోలు, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని.

ఉక్కునగరం_లాబ్

టాంకునీ, పెట్రోలు పోసే మూతి లోహాన్నీ ఛాసిస్‌కి ఒక వైరుతో కలపడం మర్చిపోకండి, పోసేటప్పుడు స్థిర విద్యుత్తు నిప్పురవ్వ రాకుండా. టాంకు గాలి గొట్టానికి బండి తిరగబడితే మూసుకునే వాల్వు కూడా కావాలి. చేతి బ్రేకు వేరే కేబుల్ మీద, ఈ పైపులతో సంబంధం లేకుండా ఉండాలి.

మర్రిపాలెం_జీపు

ఆదివారం చూశాను. ముందు కుడి చక్రం దగ్గర నట్టు వెనక సన్న గీత ఉంది. గోటితో గీరినా పోలేదు. జీపు షెడ్డులో పెట్టేశాను. ఆటోనగర్ అన్నా, నాకూ క్యుప్రో నికెల్ చుట్ట కావాలి, మొత్తం జీపుకి ఎంత పొడవు పడుతుంది?

ఆటోనగర్_బ్రేక్స్

కదలకుండా ఆపేశారు, అదే కావాలి సార్. పాత పైపులు విప్పి ఒక్కొక్కటీ తాడుతో వంపుల వెంబడి కొలవండి, ప్రతి చివరకీ ఫ్లేర్ కోసం కాస్త ఎక్కువ కలపండి. జీపు పాతది కాబట్టి మర అంగుళాలదో, ఎం10 దో ముందు చూడాలి. పాత నట్టులు పారేయకుండా తెండి.

గోపాలపట్నం_షెడ్డు

నాకు ఫ్లేరింగ్ సెట్టు లేదు. మీ షాపుకి గొట్టం తెస్తే కొట్టిస్తారా?

ఆటోనగర్_బ్రేక్స్

కొడతాను, నీ చేత్తోనే కొట్టిస్తాను. తీగ నమూనాలు అన్నీ తీసుకురా, ఏది ఎక్కడిదో చీటీ కట్టు. మాస్టర్ సిలిండర్, ఒక వీల్ సిలిండర్ కూడా తెస్తే సీటు చూసి ఫ్లేర్ సరిపోల్చుకుందాం. రంధ్రాలకి ప్లాస్టిక్ మూతలు పెట్టు, దారిలో దుమ్ము పోకుండా. ఆదివారం షాపు మూసి ఉంటుంది, సోమవారం పదకొండు దాటాక రా. జీపు గారు కూడా అప్పుడే వస్తే ఇద్దరి పనీ ఒకే అచ్చు మీద అయిపోతుంది.